పసిబిడ్డ కడుపులో గాలి: పాఠకుల ప్రశ్నలకు శిశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాది తొలి కాన్పు. బాబు పుట్టి 36 రోజులైంది. ప్రస్తుతం పుట్టింట్లో ఉన్నాను. మొదటి మూడు వారాలూ పాలు తాగడం, నిద్రపోవడం తప్ప వాడి గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. పది రోజులుగా మాత్రం దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టి రాత్రి పది దాకా గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ముఖం కందగడ్డలా అవుతుంది, పిడికిళ్లు బిగిస్తాడు, కాళ్లు కడుపులోకి ముడుచుకుంటాడు, కడుపు తాకి చూస్తే బిగిసి ఉంటుంది. గాలి వదిలితే కాసేపు ఊరుకుని మళ్లీ అందుకుంటాడు. మా అమ్మ దిష్టి తగిలిందంటుంది. నా తిండి వల్లే బిడ్డకు వాతం చేసిందని అత్తగారు ఫోనులో అంటున్నారు. పప్పు, పెరుగు, బంగాళాదుంప, పండ్లు అన్నీ మాన్పించారు, వెల్లుల్లి కారం, చారన్నంతో నెట్టుకొస్తున్నాను. మందుల దుకాణంలో ఇచ్చిన చుక్కలు రెండు రోజులు వేసినా తగ్గలేదు. వాడికి నిజంగా కడుపునొప్పేనా? ఏం చేస్తే ఊరట కలుగుతుంది?
— ఒక తల్లి, పార్వతీపురం

జవాబు: అమ్మా, మీరు చివరగా రాసిన విషయానికి ముందు జవాబు చెప్పాలి. ఆ చుక్కల సీసాను వెలుతురులోకి తీసుకువెళ్లి, దాని మీద ఏ మందుల పేర్లు ఉన్నాయో చదవండి. ‘డైసైక్లోమిన్’ అనే పేరు కనబడితే ఇక ఒక్క చుక్క కూడా వేయవద్దు. పేగుల బిగింపును సడలించే ఈ మందును ఆరు నెలలలోపు పిల్లలకు ఇవ్వకూడదు. దీనివల్ల పసిపిల్లలకు ఊపిరి ఆగడం, మూర్ఛ రావడం వంటి ప్రమాదాలు జరిగాయి. సీసా మీద ‘సిమెథికోన్’ ఒక్కటే ఉంటే భయపడవలసిన పని లేదు, అది రక్తంలో కలవదు. కడుపులోని చిన్న బుడగలను కలిపి గాలి తేలికగా బయటికి పోయేట్టు చేస్తుందని దాన్ని ఇస్తారు. అయితే పసిపిల్లల ఏడుపు మీద దానినీ, మందు కలపని ఉత్త చుక్కలనూ పోల్చి చూసినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి మీకు తగ్గకపోవడం మీ పొరపాటు వల్ల కాదు.

ఇక అసలు ప్రశ్న. వాడి కడుపులో గాలి ఉన్న మాట నిజమే, కానీ అందులో ఎక్కువ భాగం నోటి ద్వారా లోపలికి వెళ్లినదే. పాలతో పాటు కొంత గాలిని మింగుతాడు, ఏడ్చినప్పుడు అంతకన్నా ఎక్కువ మింగుతాడు. మిగిలినది పేగుల్లోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను పులియబెట్టినప్పుడు పుడుతుంది, అది పెద్దలకూ ఉన్నదే. పెద్దవాళ్లం లేచి తిరుగుతాం, పక్కకు ఒత్తిగిలుతాం, గాలి దానంతట అది పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టిన చోటే ఉండే పసికందుకు ఆ వెసులుబాటు లేదు. పైగా కడుపు కండరాలతో ముక్కుతూనే కింద ద్వారాన్ని సడలించాలన్న సంగతి వాడి శరీరం ఇంకా నేర్చుకోలేదు. అందుకే పది నిమిషాలు ఎర్రబడి, ముక్కి, ఏడ్చి, చివరకు మెత్తటి విరేచనమే చేసే పిల్లలను రోజూ చూస్తుంటాం. అది మలబద్ధకం కాదు. కొన్ని ఇళ్లల్లో తమలపాకు కాడను ఆముదంలో ముంచి మలద్వారంలో పెడతారు, సబ్బు ముక్క పెట్టేవారు కూడా ఉన్నారు. అలా చేస్తే లోపలి సున్నితమైన పొర చిట్లుతుంది, బిడ్డ తనంతట తాను నేర్చుకోవలసిన పనీ ఆలస్యమవుతుంది.

గాలి వల్ల ఏడుస్తున్నాడా, ఏడవడం వల్ల గాలి చేరుతోందా అన్నది తేల్చడం కష్టం, ఎందుకంటే ఒకటి రెండవదాన్ని పెంచుతుంది. నా అనుభవంలో చాలామంది పిల్లల్లో ఏడుపే ముందు వస్తుంది. 1962లో అమెరికా శిశువైద్యుడు టి. బెర్రీ బ్రేజెల్టన్ 80 మంది పసిపిల్లల తల్లులచేత ఏడుపు వేళలను డైరీల్లో రాయించారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలే రెండో వారం నుంచి ఏడుపు పెంచుతూ వచ్చారు, ఆరో వారానికి అది రోజుకు దాదాపు 2 గంటల 45 నిమిషాలకు చేరింది, ఆ తరువాత తగ్గుముఖం పట్టింది. అదీ సాయంత్రాలే ఎక్కువ. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1954లో వెస్సెల్, ఆయన సహచరులు రోజుకు మూడు గంటలకు మించి, వారానికి మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి సాగే ఏడుపును ‘కోలిక్’గా లెక్కించాలని ప్రతిపాదించారు. మీ బాబుకు ఇప్పుడు ఆరో వారం నడుస్తోంది, అంటే మీరు కొండ శిఖరం దగ్గర ఉన్నారు. మూడు, నాలుగు నెలలు నిండేసరికి ఎక్కువమంది పిల్లల్లో ఇది దానంతట అదే పోతుంది. దీపాలు పెట్టే వేళకే ఎందుకు మొదలవుతుందని మీ అమ్మగారికి అనుమానం కలగడం సహజం. దిష్టి తీసినందువల్ల హాని లేదు, కాకపోతే ఉప్పూ మిరపకాయలూ నిప్పుల్లో వేసినప్పుడు వచ్చే పొగ బిడ్డ ఉన్న గదిలోకి రాకూడదు.

గాలి లోపలికి వెళ్లే దారిని మూయడమే అన్నిటికన్నా మేలైన వైద్యం. అందువల్ల నా దగ్గరకు ఇటువంటి బిడ్డను తెస్తే మందు రాయకముందు, అక్కడే పాలు పట్టించి చూస్తాను. మొన్నీమధ్య ఒక తల్లి బిడ్డ తలను వెనుక నుంచి చేత్తో నొక్కిపట్టి చన్నుకు ఆనించింది. బిడ్డ మెడ పక్కకు తిరిగి ఉంది, పెదవులు లోపలికి ముడుచుకున్నాయి, చనుమొన కొస మాత్రమే నోట్లో ఉంది. ప్రతి గుక్కకూ ‘టక్, టక్’మని చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాలుక పట్టు జారినప్పుడల్లా గాలి లోపలికి వెళుతున్నదనడానికి గుర్తు. ఆమెను వెనక్కి ఆనుకుని కూర్చోమన్నాను, బిడ్డ చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండేట్టు కడుపుకు కడుపు ఆనించి పట్టుకోమన్నాను. చనుమొనతో బిడ్డ పై పెదవిని తాకి, ఆవులించినట్టు నోరు పెద్దగా తెరిచే దాకా ఆగి, అప్పుడు బిడ్డను దగ్గరకు తీసుకున్నాం. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయంలో కింది భాగం ఎక్కువగా నోట్లోకి వెళ్లింది, కింది పెదవి బయటికి మడతపడింది, గడ్డం చన్నుకు ఆనింది, చప్పుడు ఆగిపోయింది. బుగ్గలు సొట్టపడకుండా నిండుగా ఉండటం, మింగుతున్న శబ్దం నెమ్మదిగా, వరుసగా వినబడటం పట్టు సరిగా ఉందనడానికి ఆనవాళ్లు. మీరు కూడా ఈ రోజే అద్దం ముందు కూర్చుని ఒకసారి గమనించండి. ఆశా కార్యకర్త 42వ రోజున ఇంటికి రావలసి ఉంటుంది, ఆమెను కూడా దగ్గరుండి చూడమని అడగండి.

పాలు మరీ ఎక్కువగా వచ్చే తల్లుల దగ్గర ఇంకొక చిక్కు ఉంటుంది. పాలు ధారగా వచ్చి పడేసరికి బిడ్డ ఉక్కిరిబిక్కిరై, గబగబా మింగుతూ గాలిని కూడా మింగేస్తాడు, చన్ను వదిలేసి ఏడుస్తాడు, నురగతో కూడిన ఆకుపచ్చటి విరేచనాలు చేస్తాడు. మీకు ఇది వర్తిస్తే వెనక్కి బాగా వాలి కూర్చుని, బిడ్డను మీ మీద బోర్లా ఉంచి పాలు పట్టండి. ఒక వైపు పూర్తిగా తాగి తానే వదిలాకే రెండో వైపుకు మార్చండి. ఏడుపు ముదిరాక కాక, తల అటూ ఇటూ తిప్పుతూ, చేతులు నోట్లో పెట్టుకుంటున్నప్పుడే పాలు ఇవ్వడం వల్ల కూడా గాలి మింగడం తగ్గుతుంది.

త్రేన్పు గురించి మీరు అడగలేదు కాని, మీ ఇంట్లో ఎవరో ఒకరు ప్రతి పాలకూ అరగంట వీపు చరుస్తూ ఉంటారని ఊహించగలను. 2015లో చండీగఢ్‌లోని పీజీఐ వైద్యసంస్థ పరిశోధకులు 71 మంది తల్లీబిడ్డల మీద చేసిన అధ్యయనంలో, త్రేన్పు తెప్పించడం వల్ల కోలిక్ ఏడుపు తగ్గలేదు, పైగా పాలు కక్కడం పెరిగింది. దీన్నిబట్టి భుజాన వేసుకోవడం మానేయమని నేను చెప్పను, ఎందుకంటే నిటారుగా ఉన్నప్పుడు గాలి పైకి, పాలు కిందికి చేరతాయన్నది అబద్ధం కాదు. పాలు తాగాక ఐదు, పది నిమిషాలు భుజం మీద నిటారుగా ఉంచండి, లేదా ఒడిలో కూర్చోబెట్టి గొంతు మీద ఒత్తిడి పడకుండా గడ్డాన్ని వేళ్లతో ఆపి కొద్దిగా ముందుకు వంచండి. అరచేత్తో వీపు మీద కింది నుంచి పైకి నిమరడం చాలు, చరచనక్కరలేదు. త్రేన్పు రాకపోతే అక్కడితో వదిలేయండి, దాని కోసం నిద్రపోతున్న బిడ్డను లేపవద్దు.

ఏడుపు మొదలైనప్పుడు నాకు బాగా పనికివచ్చిన పట్టు ఒకటి చెబుతాను. మీ ఎడమ ముంజేతి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టండి. తల మోచేతి మడత దగ్గర, ముఖం పక్కకు తిరిగి, ముక్కూ నోరూ తెరిచి ఉండాలి. మీ అరచేయి రెండు కాళ్ల మధ్య నుంచి తొడను పట్టుకుంటుంది, చేతులూ కాళ్లూ కొమ్మ మీద వాలినట్టు రెండు వైపులా వేలాడతాయి. రెండో చెయ్యి వీపు మీద వేసి నెమ్మదిగా నడవండి. కడుపు మీద పడే ఆ కొద్దిపాటి ఒత్తిడి, మీ ఒంటి వెచ్చదనం, నడక ఊపు మూడూ కలిసి పనిచేస్తాయి. ఆ పట్టులోనే నిద్రపోతే మాత్రం వెంటనే గట్టి, చదునైన పడక మీద వెల్లకిలా మార్చాలి. బోర్లా నిద్ర పసిపిల్లలకు ప్రాణాపాయం. చీర ఉయ్యాల ఊపి ఊరుకోబెట్టవచ్చు గాని, గడ్డం ఛాతీకి ఒత్తుకుపోకుండా చూసుకుంటూ ఎదురుగా ఉండాలి.

పొట్ట రుద్దడానికి పాలు తాగిన వెంటనే కాక, అరగంటా గంటా గడిచాక, బిడ్డ మెలకువగా, హాయిగా ఉన్న సమయం మంచిది. వెల్లకిలా ఉన్న బిడ్డకు ఎదురుగా కూర్చుని, గోరువెచ్చని కొబ్బరినూనె రాసుకున్న వేళ్లతో గుమ్మం గీసినట్టు నిమరండి. మీ ఎడమవైపున, అంటే బిడ్డ కుడి తుంటి దగ్గర మొదలుపెట్టి పక్కటెముకల దాకా పైకి, అక్కడి నుంచి బొడ్డు పైన అడ్డంగా, ఆ తరువాత మీ కుడివైపున కిందికి. పెద్దపేగు సరిగ్గా ఈ దారినే వెళుతుంది. ఆపై రెండు మోకాళ్లను కలిపి కడుపు మీదికి మెల్లగా మడిచి కొన్ని క్షణాలు ఉంచి వదలండి, సైకిలు తొక్కించినట్టు కాళ్లు ఆడించండి. బొడ్డు పూర్తిగా మానని బిడ్డకు మాత్రం బొడ్డు చుట్టూ నూనె తగలనీయకూడదు. నీళ్లు పోసే పెద్దమ్మలు చాచిన కాళ్ల మీద బిడ్డను బోర్లా వేసి వీపు రుద్దే పద్ధతిలో మంచి ఉంది. అయితే కడుపును గట్టిగా పిసకడం, ముక్కులో, చెవిలో ఊదడం, నూనె చుక్కలు వేయడం మాన్పించండి. నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే వచ్చే న్యుమోనియా ఒక పట్టాన తగ్గదు.

‘ఎత్తుకుంటే చేతులకు అలవాటు పడతాడు’ అని మిమ్మల్ని ఎవరైనా ఆపుతుంటే వినవద్దు. కెనడాలోని మాంట్రియల్‌లో 1986లో హంజికర్, బార్ అనే పరిశోధకులు కొందరు తల్లులను, బిడ్డ ఏడవకపోయినా రోజూ అదనంగా ఎత్తుకుని ఉండమన్నారు. ఆరో వారం నాటికి ఆ పిల్లలు మిగిలిన పిల్లలకన్నా 43 శాతం తక్కువ ఏడ్చారు. కోలిక్ ముదిరాక ఎత్తుకోవడం మొదలుపెడితే ఇంత ఫలితం ఉండదు. అందుకే సాయంత్రం ఏడుపు మొదలయ్యాక కాక, మధ్యాహ్నం నుంచే మీరో, మీ అమ్మగారో, నాన్నగారో వంతులవారీగా గుండెలకు హత్తుకుని తిప్పండి.

మీ తిండి సంగతి నాకు ఎక్కువ బాధ కలిగించింది. మీరు పప్పు తింటే మీ పేగుల్లో పుట్టే గాలి మీ పేగుల్లోనే ఉంటుంది, పాలల్లోకి రాదు. గాలి పుట్టించే పీచు పదార్థం రక్తంలోకే చేరదు, ఇక పాలల్లోకి చేరే ప్రశ్న లేదు. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి మామూలుకన్నా రోజుకు 600 కెలోరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసులు చెబుతున్నాయి. చారన్నంతో అవి ఎలా వస్తాయి? పప్పు, పెరుగు, గుడ్డు, ఆకుకూరలు, పండ్లు ఈ పూట నుంచే మొదలుపెట్టండి, అత్తగారికి ఈ జవాబు చదివి వినిపించండి. టీ, కాఫీలు రోజుకు రెండు కప్పులు దాటకుండా చూసుకోండి. కొద్దిమంది పిల్లలకు మాత్రం తల్లి తాగే ఆవుపాలు, గేదెపాలలోని ప్రోటీను నిజంగానే పడదు. అటువంటివారికి విరేచనంలో రక్తపు చారలు, జిగురు, ఒంటి మీద గజ్జి వంటి పొక్కులు, పదేపదే వాంతులు ఉంటాయి. అప్పుడు వైద్యుల సలహా మీద రెండు నుంచి నాలుగు వారాలు పాల పదార్థాలు ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడాలే తప్ప, ముందే అన్నీ మానుకోవడం అర్థం లేని పని.

గాలి అనుకుని ఇంట్లో కూర్చోకూడని సందర్భాలను కూడా గుర్తుపెట్టుకోండి. పచ్చటి, అంటే పసరు వాంతి అయితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లాలి, పేగు మెలితిరిగి ఉండవచ్చు. పాలు తాగిన ప్రతిసారీ దూరంగా పడేట్టు చిమ్ముతూ వాంతి కావడం, విరేచనంలో రక్తం, ఏడవనప్పుడు కూడా కడుపు గట్టిగా ఉబ్బి ఉండటం, గజ్జల్లో గాని వృషణాల దగ్గర గాని గట్టి గడ్డ కనబడటం, 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, పాలు తాగకపోవడం, మందకొడిగా పడి ఉండటం, ఇవన్నీ ఆలస్యం చేయకూడనివే. 108కి ఫోను చేయండి. ఇంకొక చిన్న విషయం. కొన్నేళ్ల క్రితం రాత్రంతా ఏడ్చిన రెండు నెలల బిడ్డను ‘గ్యాస్’ అని నా దగ్గరకు తెచ్చారు. అంతకుముందే రెండు చోట్ల చుక్కల మందులు రాసిచ్చారు. మేజోడు విప్పి చూస్తే కాలి చిటికెన వేలికి తల్లి తలవెంట్రుక బిగుసుకుని, వేలు నల్లేరు పండులా ఎర్రగా వాచి ఉంది. ప్రసవం తరువాత తల్లికి జుట్టు బాగా రాలుతుంది, అది మేజోళ్లలో, పక్కబట్టల్లో చేరుతుంది. ఏడుపు ఆగని ప్రతిసారీ బట్టలన్నీ విప్పి వేళ్లు, మొలతాడు, కాళ్లకు కట్టిన నల్లదారం కింద చర్మం చూడండి.

మీ బాబు రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, రోజుకు 20 నుంచి 30 గ్రాముల బరువు పెరుగుతూ ఉంటే వాడు ఆరోగ్యంగానే ఉన్నాడు. ఆరు వారాల టీకాలకు తీసుకువెళ్లినప్పుడు తూకం వేయించి, పుట్టిననాటి బరువుతో పోల్చి చూసుకోండి.

ఏడుపు భరించలేక చేతులు వణుకుతున్నట్టు అనిపించిన క్షణాన, బిడ్డను పడక మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, పది నిమిషాలు బయట కూర్చోండి. ఆ పది నిమిషాల ఏడుపు బిడ్డకు హాని చేయదు. కోపంలోనో విసుగులోనో బిడ్డను పట్టి కుదిపితే మాత్రం మెదడులో రక్తస్రావం అవుతుంది, ఇంట్లో అందరికీ ఈ మాట తెలియాలి. రెండు వారాలకు మించి మీకే ఏడుపు వస్తూ, నిద్రపట్టక, బిడ్డ మీద ఆసక్తి పోతున్నట్టు ఉంటే ‘టెలి మానస్’ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. వచ్చే నెల కాన్పు సాయానికి వెళుతున్నాను. నా పిల్లలిద్దరికీ వస అరగదీసి నాకించాను, ఆముదం పట్టాను, బొడ్డు చుట్టూ ఇంగువ రాశాను, గ్రైప్ వాటర్ కూడా పోశాను. ఇద్దరూ బాగానే పెరిగారు. ఇవన్నీ పెట్టెలో సర్దుకుంటుంటే అమ్మాయి, అల్లుడు వద్దంటున్నారు. వీటిలో ఏవి తీసుకువెళ్లవచ్చు?
— ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ పిల్లలు బాగా పెరగడం మీ శ్రద్ధ వల్ల. ఆ శ్రద్ధ మనవరాలికో మనవడికో తప్పకుండా కావాలి, పెట్టెలోని సీసాలు మాత్రం అక్కరలేదు.

మాటలు చక్కగా వస్తాయని వస పోయడం మనకు ఎంత పాత అలవాటంటే, గలగలా మాట్లాడే పిల్లను ఇప్పటికీ వసపిట్ట అంటాం. అయితే వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువులపై జరిపిన పరీక్షల్లో దానివల్ల కణుతులు వచ్చినందున అమెరికా ప్రభుత్వం 1968లోనే వసను ఆహార పదార్థాల్లో నిషేధించింది. సానరాయి మీద ఎన్ని చుట్లు తిప్పితే ఎంత మందు వస్తుందో ఎవరూ కొలవలేరు. కొద్దిగా ఎక్కువైనా పసిబిడ్డకు వాంతులు, మగత వస్తాయి.

ఇంగువను కలిపి లోపలికి ఇవ్వడం ఇంకా ప్రమాదం. పసికందుల రక్తం కొన్ని పదార్థాలకు తేలికగా లోబడి ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోతుంది, ఒళ్లు నీలంగా మారుతుంది. ఇంగువ ఇచ్చిన ఐదు వారాల బిడ్డకు ఇలా జరిగినట్టు 1984లో అమెరికాలోని ఒక వైద్య పత్రికలో నమోదైంది. బొడ్డు చుట్టూ పైపైన రాసినప్పుడు బిడ్డ ఊరుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ ఊరట మీ వెచ్చటి వేళ్లతో గుండ్రంగా నిమరడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం, ఇంగువ లేకుండా నిమిరినా అది వస్తుంది. ఆముదం విరేచనకారి, దానితో పేగులు మెలిపెట్టినట్టై నొప్పి పెరుగుతుంది. కర్పూరం కలిపిన కొబ్బరినూనెను మాత్రం దయచేసి దగ్గరికి రానివ్వకండి. చర్మం గుండా, వాసన గుండా చేరినా కర్పూరం పసిపిల్లలకు మూర్ఛలు తెప్పించగలదు. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు, అందులోని సూక్ష్మజీవుల వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు వస్తుంది.

గ్రైప్ వాటర్ చరిత్ర మీకు ఆసక్తిగా ఉంటుందనుకుంటాను. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి దానిని తయారుచేశారు. సోంపును పోలిన సోయికూర (డిల్) గింజల నూనె, వంటసోడా, చక్కెరతో పాటు అందులో ఆల్కహాలు కూడా ఉండేది. వెనకటి రోజుల్లో అది పోయగానే పిల్లలు ఊరుకోవడానికి ఆ తీపి, ఆ మత్తు కారణమై ఉండాలి. ఇప్పటి సీసాల్లో ఆల్కహాలు లేదు, కానీ అది ఏడుపు తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారమూ లేదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నప్పుడు చెంచాడు తీపి నీళ్లు పోసి, అంత మేర పాలు తగ్గించడం ఎందుకు?

మీరు వెళ్లవలసింది మీ ఒడితో, మీ భుజంతో. అక్కడ భార్యాభర్తలు ఇద్దరే, ప్రసవమైన రెండు రోజులకే ఇంటికి పంపుతారు, రాత్రి మూడింటికి బిడ్డ ఏడిస్తే పక్కింటివాళ్లు రారు. పైన చెప్పిన ముంజేతి పట్టు, గుమ్మం గీసినట్టు పొట్ట నిమరడం మీరు ఇక్కడే ఒక బొమ్మతో సాధన చేసి వెళ్లండి. స్నానానికి ముందు మామూలు కొబ్బరినూనెతో మర్దన చేయండి, స్నానం తరువాత సాంబ్రాణి పొగ వేయకుండా మెత్తటి బట్టతో తుడిచి గుండెలకు హత్తుకోండి. జోలపాట పాడుతూ హాలు పొడవునా నడిచే ఓపిక మీ తరానికి ఉన్నంతగా ఎవరికీ లేదు. తెల్లవారుజామున ఒక వంతు మీరు తీసుకుని, అమ్మాయిని వరుసగా నాలుగు గంటలు నిద్రపోనివ్వండి. లేవగానే వేడివేడి పప్పన్నం, కూర పెట్టండి.

ప్రశ్న: మా పాపకు రెండు నెలలు. ప్రసవంలో నా భార్య ఆరోగ్యం దెబ్బతినడంతో పాలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. రోజుకు నాలుగుసార్లు డబ్బాపాలు సీసాతో పడుతున్నాం. సీసా పట్టిన ప్రతిసారీ కడుపు ఉబ్బి మెలికలు తిరుగుతుంది. పాలడబ్బా మార్చమంటారా?
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: డబ్బా మార్చే ముందు సీసా చూద్దాం. పాలు కలిపాక సీసాను తలకిందులు చేసి పట్టుకోండి. చుక్క తరువాత చుక్క పడాలి. ధారగా పడితే పీక రంధ్రం పెద్దదని అర్థం, పాప ఉక్కిరిబిక్కిరై గాలి మింగుతుంది. అసలు పడకపోతే గట్టిగా పీలుస్తూ పక్కల నుంచి గాలి మింగుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ పీకను మార్చాలి.

పాలపొడి కలిపేటప్పుడు సీసాను పైకీ కిందికీ బలంగా ఊపితే నురగ వస్తుంది, ఆ నురగంతా గాలే. నీళ్లు మరిగించి, 70 డిగ్రీలకు తగ్గకుండా ఉండగానే, అంటే దించిన అరగంటలోపే పొడి వేయాలి. సీసాను గుండ్రంగా తిప్పుతూ కలిపి, చల్లటి నీటి గిన్నెలో ఉంచి చల్లార్చేసరికి నురగ కూడా అణుగుతుంది. డబ్బాలో ఇచ్చిన చెంచాతో తలకొట్టి కొలవండి. చిక్కగా ఉంటే బలమని ఒక చెంచా ఎక్కువ వేస్తే మలబద్ధకం వస్తుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి.

పట్టేటప్పుడు పాపను పడుకోబెట్టకుండా, దాదాపు కూర్చున్నట్టుగా ఒడిలో పెట్టుకోండి. సీసాను నిలువుగా కాకుండా, పీక మాత్రం పాలతో నిండి ఉండేంత వాల్పుగా పట్టండి. ప్రతి కొద్ది గుక్కలకూ సీసాను కిందికి వంచి, ఊపిరి తీసుకోనివ్వండి. సీసా ఖాళీ అయ్యేదాకా బలవంతంగా పట్టవద్దు. సీసా కన్నా మన ఉగ్గుగిన్నె మంచిదని నేను నమ్ముతాను. మరిగే నీళ్లలో శుభ్రం చేయడం తేలిక, పీకకు అలవాటుపడి చన్ను వదిలేయడమూ ఉండదు. నిటారుగా కూర్చోబెట్టి, కింది పెదవి మీద గిన్నె కొమ్మును ఆనిస్తే పాప తానే కొద్దికొద్దిగా అందుకుంటుంది. నోట్లోకి ఒంపకూడదు.

పాలు పూర్తిగా పోలేదని రాశారు కనుక, డబ్బాపాలు పట్టే ప్రతిసారీ ముందుగా పావుగంట తల్లి దగ్గర రెండు వైపులా పట్టించండి. రాత్రి పూట ఒక్కసారైనా తల్లిపాలే ఇవ్వండి, పాలు ఊరించే హార్మోను రాత్రిళ్లే ఎక్కువ. వారం రోజులకొకసారి తూకం వేయిస్తూ, పాప బరువు పెరుగుతున్న కొద్దీ వైద్యుల సలహాతో డబ్బాపాలను ఒక్కొక్క పూట తగ్గించుకుంటూ రండి.